మలబద్ధకం: పేగు పిలుపు ఎక్కడ ఆగిపోతోంది?

మందుల షాపులో మలబద్ధకానికి మందు అడిగేవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడతారు. "కడుపు సాఫీగా అవడానికి ఏదైనా ఇవ్వండి" అంటే చాలు, ఒక సిరప్పు సీసానో పది మాత్రల స్ట్రిప్పో చేతికి వస్తుంది. ఎన్నాళ్లుగా ఈ ఇబ్బంది ఉంది, మలం గట్టిపడి రావడం లేదా, మెత్తగానే ఉన్నా బయటికి రావడం లేదా, వెళ్లాలన్న ఒత్తిడి అసలు తెలుస్తోందా, రక్తం ఏమైనా పడుతోందా, ఇంకేం మందులు వాడుతున్నారు వంటి ప్రశ్నలు అక్కడ వినిపించవు. ఏ మందు పనిచేస్తుందో, ఏది పనిచేయదో తేల్చేవి మాత్రం ఆ ప్రశ్నలే. పేగు ఒక వరుసలో పనిచేస్తుంది. ఆ వరుసలో ఎక్కడ ఆటంకం వచ్చిందో తెలుసుకోకుండా వేసుకునే మాత్ర నాలుగు రోజులు పనిచేస్తుంది, అయిదో రోజు మళ్లీ అదే షాపుకు పంపిస్తుంది.

ముందుగా ఒక భయాన్ని పక్కన పెట్టాలి. రోజూ ఉదయం విరేచనం కాకపోతే ఒంట్లో విషం పేరుకుపోతుందని చాలా ఇళ్లలో నమ్ముతారు. అది నిజం కాదు. రోజుకు మూడుసార్లు వెళ్లేవారూ ఆరోగ్యవంతులే, వారానికి మూడుసార్లు వెళ్లేవారూ ఆరోగ్యవంతులే. వారానికి మూడుసార్ల కన్నా తక్కువ కావడం, మలం గట్టిగా ఉండలు కట్టడం, గట్టిగా ముక్కవలసి రావడం, వెళ్లొచ్చాక కూడా ఇంకా మిగిలి ఉందనిపించడం, ద్వారం దగ్గర ఏదో అడ్డుపడినట్లుండడం వంటి లక్షణాల్లో రెండైనా నెలల తరబడి వేధిస్తుంటే వైద్యులు దాన్ని దీర్ఘకాలిక మలబద్ధకం అంటారు. అంటే రోజూ వెళ్తున్నవారికి కూడా మలబద్ధకం ఉండవచ్చు. ప్రతి ఉదయం అరగంట కూర్చుని, ముక్కి ముక్కి, మేక పెంటికల్లాంటి నాలుగు ఉండలు పడి లేచి వచ్చే మనిషికి ఉన్నది మలబద్ధకమే. రెండు రోజులకు ఒకసారి హాయిగా వెళ్లి వచ్చే మనిషికి లేదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ వైద్యులు 1997లో మలం రూపాన్ని ఏడు రకాలుగా విభజించి ఒక పట్టిక ప్రచురించారు. విడివిడి గట్టి ఉండలు మొదటి రకం, ఉండలన్నీ అతుక్కుని కణుపులు కణుపులుగా ఉన్నది రెండో రకం. ఈ రెండూ మలం పేగులో మరీ ఎక్కువసేపు నిలిచిపోయిందని చెప్పే గుర్తులు. పైన పగుళ్లున్న మూడో రకం, నునుపుగా, మెత్తగా ఉండే నాలుగో రకం మంచివి. డాక్టరు దగ్గర సిగ్గుపడి "సరిగ్గా అవడం లేదండీ" అని ఊరుకోవడం కన్నా ఏ రూపంలో వస్తోందో చెప్పగలిగితే సగం రోగనిర్ధారణ అయిపోయినట్లే.

ఎక్కువసేపు నిలిచిపోతే ఎందుకు గట్టిపడుతుంది? పెద్దపేగు దాదాపు ఒకటిన్నర మీటర్ల పొడవుంటుంది. చిన్నపేగు నుంచి రోజూ సుమారు ఒకటిన్నర లీటర్ల ద్రవం అందులోకి చేరుతుంది. పెద్దపేగు దానిలోని నీటిని, లవణాలను పీల్చుకోగా, మలంలో మిగిలే నీరు 100 నుంచి 200 మిల్లీలీటర్లు మాత్రమే. నీటిని పీల్చడం ఈ పేగు నిత్యకృత్యం, అది ఆగదు. మలం ఎన్ని గంటలు ఎక్కువ ఉంటే అంత నీరు పోతుంది, అంత గట్టిపడుతుంది. తిన్నది బయటికి రావడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. ఇందులో ఎక్కువ సమయం గడిచేది పెద్దపేగులోనే.

పేగుకూ ఒక దినచర్య ఉంది. రాత్రి నిద్రలో పెద్దపేగు దాదాపు విశ్రాంతిలో ఉంటుంది. తెల్లవారి లేవగానే కదలిక మొదలవుతుంది. కడుపులోకి ఆహారం చేరినప్పుడు ఆ కదలిక ఇంకా బలపడి, పేగు ఒక్కసారిగా మలాన్ని కిందికి నెట్టే పెద్ద అలలు వస్తాయి. పొద్దున టిఫిను తిన్న అరగంటలోపు ఒత్తిడి రావడం వెనుక ఉన్నది ఇదే. మలం పెద్దపేగు చివరి భాగమైన పురీషనాళంలోకి దిగి దాని గోడలు సాగగానే లోపలి కండర వలయం తనంతట తాను వదులవుతుంది. బయటి కండర వలయం మాత్రం మన అదుపులో ఉంటుంది. వీలుంటే వదులు చేస్తాం, వీలు లేకపోతే బిగపడతాం. బిగపడితే కొన్ని నిమిషాల్లో ఆ ఒత్తిడి తగ్గిపోతుంది, "ఇక అక్కర్లేదు" అనిపిస్తుంది. మలం మాత్రం అక్కడే ఉండి ఎండుతుంటుంది. మరుసటి రోజు అది గట్టిగా, పెద్దదిగా ఉంటుంది, బయటికి వచ్చేటప్పుడు నొప్పి పుడుతుంది. నొప్పి భయంతో మనిషి మరోసారి వాయిదా వేస్తాడు. ఇలా నెలలు, ఏళ్లు గడిస్తే పురీషనాళం సాగడానికి అలవాటు పడి, ఎంత నిండినా మునుపటిలా పిలుపు పంపదు. మలబద్ధకం చాలామందిలో ఇలాగే మొదలవుతుంది. తిండి గురించి మాట్లాడినంతగా ఈ వాయిదా గురించి ఎవరూ మాట్లాడరు.

వాయిదా వేసేది సోమరులు కాదు. ఏడున్నరకు వచ్చే స్కూలు బస్సు కోసం ఏడింటికే యూనిఫాంలో నిలబడే పిల్లవాడు, ఇంట్లో అందరికీ క్యారేజీలు కట్టి తాను చివరికి ఒక ముద్ద నోట్లో వేసుకుని పరిగెత్తే తల్లి, డిపో నుంచి తెల్లవారుజామునే బస్సు తీసే డ్రైవరు, రాత్రి షిఫ్టులు మారుతూ చేసే నర్సు, తలుపు గడియ లేని బడి మరుగుదొడ్డికి వెళ్లలేక సాయంత్రం వరకు బిగపట్టుకునే ఆడపిల్ల. 2014 అక్టోబరు 2న స్వచ్ఛభారత్ మొదలయ్యే నాటికి దేశంలో కోట్ల ఇళ్లకు మరుగుదొడ్డి లేదు. చీకటి పడితే తప్ప బహిర్భూమికి వెళ్లే వీలులేని పల్లెటూరి స్త్రీలు పగలంతా ఆ పిలుపును అణచుకునే బతికారు. వెళ్లవలసి వస్తుందేమోనని తిండీ నీళ్లూ తగ్గించుకున్నవారూ ఉన్నారు. ఇంట్లో దొడ్డి వచ్చినా అందులో నీళ్లు లేకపోతే ఆ అలవాటు పోదు. చరక సంహిత సూత్రస్థానంలో ఏడో అధ్యాయం ఈ విషయంతోనే మొదలవుతుంది. సహజంగా వచ్చే 13 వేగాలను ఆపుకోకూడదని చెబుతూ, మూత్రంతో పాటు మలవేగాన్ని ముందు వరుసలో పేర్కొంటుంది. శరీరశాస్త్రం ఇవాళ చెబుతున్నదీ ఇందుకు భిన్నంగా లేదు.

కాబట్టి చికిత్సలో మొదటి మెట్టు ఉదయం పూట కాస్త సమయం. అరగంట ముందు లేవడం, గోరువెచ్చని నీళ్లో కాఫీయో తాగడం, ఏదో ఒక టిఫిను తినడం, తిన్నాక పావుగంటకో అరగంటకో ఒత్తిడి ఉన్నా లేకపోయినా వెళ్లి కూర్చోవడం. కూర్చునేది అయిదు, మహా అయితే పది నిమిషాలు. రాకపోతే లేచి వచ్చేయాలి, బలవంతంగా ముక్కకూడదు. కొన్ని వారాలు ఒకే వేళకు ఇలా చేస్తే చాలామందిలో పేగు మళ్లీ ఆ వేళకు అలవాటు పడుతుంది. ఫోను బయటే వదిలి వెళ్లాలి. దొడ్లో అరగంట కూర్చుంటే మలద్వారం చుట్టూ ఉన్న సిరల మీద ఒత్తిడి పెరిగి మొలలకు దారితీయవచ్చు.

కూర్చునే భంగిమ కూడా ముఖ్యమే. పురీషనాళాన్ని వెనుక నుంచి ఒక పట్టీలాంటి కండరం ముందుకు లాగి పట్టుకుని ఉంటుంది. నిలబడినప్పుడు, కుర్చీలో కూర్చున్నప్పుడు దాని వల్ల దారి వంకర తిరిగి మూసుకుని ఉంటుంది. మనం రోజంతా ఆ ఆలోచన లేకుండా తిరగగలుగుతున్నది ఆ వంకర వల్లే. గొంతుక్కూర్చున్నప్పుడు ఆ కండరం వదులై దారి దాదాపు నిటారవుతుంది. కొత్త అపార్టుమెంట్లలో నేల మీది దొడ్డి దాదాపు కనుమరుగైంది. మోకాళ్లు అరిగిన పెద్దవాళ్లకు కమోడ్ తప్పదు, తుంటి ఆపరేషన్ అయినవాళ్లు గొంతుక్కూర్చోకూడదు కూడా. కమోడ్ ముందు జానెడు ఎత్తు పీట ఒకటి వేసుకుని, పాదాలు దాని మీద పెట్టి, మోకాళ్లు తుంటి కన్నా ఎత్తులో ఉండేలా, కాస్త ముందుకు వంగి, మోచేతులు తొడల మీద ఆనించి కూర్చుంటే చాలావరకు అదే ప్రయోజనం దక్కుతుంది. ఒంటికి ఏ హానీ చేయని ఈ చిన్న మార్పును మాత్రల కన్నా ముందు ప్రయత్నించాలి. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా పీట వేసుకోకూడదు.

ఇక తిండి. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములైనా ఉండదు. అంతే జొన్నల్లో 10 గ్రాములు, రాగుల్లో, సజ్జల్లో 11 గ్రాముల పైన, కందిపప్పులో 9 గ్రాముల వరకు ఉంటుంది. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నంలో సాంబారు, వేపుడు, పెరుగు, రాత్రి మళ్లీ అన్నం తినే ఇంట్లో రోజుకు 300 గ్రాముల బియ్యం తిన్నా వాటి నుంచి వచ్చే పీచు 8, 9 గ్రాములే. కడుపు నిండుతుంది, పేగుకు మాత్రం పని దొరకదు. ఒక పూట అన్నం స్థానంలో జొన్నరొట్టె గానీ రాగి సంగటి గానీ పెట్టి, పక్కన గోరుచిక్కుడు కూరో తోటకూర పప్పో చేర్చి, సాయంత్రం ఒక జామకాయ తింటే లెక్క మారిపోతుంది. రాయలసీమ సంగటి, తెలంగాణ జొన్నరొట్టె పేదవాళ్ల తిండిగా మూలన పడ్డాక తెలుగు పళ్లెంలో పీచు తగ్గింది. సన్నబియ్యం గౌరవానికి గుర్తుగా మారిన క్రమంలో పేగు చాలా పోగొట్టుకుంది.

పీచును ఒక్కరోజులో పెంచితే పొట్ట ఉబ్బి, గ్యాసు పట్టి, రెండో రోజే మానేయాలనిపిస్తుంది. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచాలి. పీచు నీటిని పట్టి ఉంచుకోవడం వల్లే మలం మెత్తబడుతుంది గనుక నీళ్లు కూడా దానికి తగినట్లు తాగాలి. అయితే నీళ్లు మాత్రమే బిందెలకొద్దీ తాగినంత మాత్రాన మలబద్ధకం తగ్గదు. ఒంట్లో నీరు తగ్గినవారికే దానివల్ల మేలు. మిగిలినవారిలో అదనపు నీరు మూత్రంగా పోతుంది. ఎండలో పనిచేసేవారికి, నీళ్లు తాగడానికి బద్ధకించే పెద్దవాళ్లకు మాత్రం ఈ లోటు నిజంగానే ఉంటుంది.

పీచు ఎంత తిన్నా తగ్గనివారు, తిన్నకొద్దీ ఉబ్బరం పెరిగేవారు కూడా ఉన్నారు. వీరికి "ఇంకా ఆకుకూరలు తినండి" అని చెప్పి పంపడం అన్యాయం. కొందరిలో పెద్దపేగు కదలికే మందకొడిగా ఉంటుంది. ఇంకొందరిలో పేగు బాగానే నెడుతుంది గానీ, ముక్కే సమయానికి వదులు కావలసిన, పొత్తికడుపు అడుగున ఉండే కటి కండరాలు తెలియకుండానే బిగుసుకుంటాయి. ఒక చేత్తో తలుపు నెడుతూ ఇంకో చేత్తో గడియ పట్టుకున్నట్లుంటుంది వీరి పరిస్థితి. మలం మెత్తగానే ఉన్నా గంటసేపు ముక్కవలసి రావడం, వేలితో ఒత్తుకుంటే గానీ రాకపోవడం దీని లక్షణాలు. ప్రసవాల తర్వాత కటి కండరాలు బలహీనపడి, పురీషనాళం యోని వైపు ఉబ్బే స్త్రీలకు కూడా ఇలాంటి ఇబ్బందే ఉంటుంది. భర్తకూ చెప్పుకోలేక, డాక్టరుకూ చెప్పలేక ఏళ్ల తరబడి భరిస్తుంటారు. కండరాలు బిగుసుకునే సమస్యకు బయోఫీడ్‌బ్యాక్ అనే శిక్షణ ఉంది. కండరం ఎప్పుడు బిగుస్తోందో, ఎప్పుడు వదులవుతోందో తెర మీద చూపిస్తూ దాన్ని సరిగ్గా వాడడం మళ్లీ నేర్పిస్తారు. ఈ రకానికి విరేచన మందుల కన్నా ఈ శిక్షణే మెరుగైన ఫలితాన్ని ఇస్తుంది. పెద్ద నగరాల్లోని గ్యాస్ట్రోఎంటరాలజీ విభాగాల్లో దొరుకుతుంది. జిల్లా కేంద్రాలకు ఇది చేరవలసిన అవసరం ఉంది.

వేరే జబ్బుకు వేసుకునే మందు కూడా మలబద్ధకం తెస్తుంది. నొప్పులకిచ్చే ట్రమడాల్, దగ్గు మందుల్లోని కొడీన్, నిద్రకూ నరాల నొప్పికీ ఇచ్చే అమిట్రిప్టిలిన్, బీపీకి ఇచ్చే వెరాపమిల్, కాల్షియం మాత్రలు, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్లు, జలుబు మాత్రలు కొన్ని ఈ జాబితాలోనివే. అన్నింటికన్నా ఎక్కువమందిని తాకేది ఐరన్ మాత్ర. గర్భిణులకు హార్మోన్ల మార్పుల వల్ల పేగు ముందే నెమ్మదిస్తుంది, దాని మీద ఐరన్ తోడై మలం నల్లగా, గట్టిగా మారుతుంది. రంగు చూసి భయపడి, ముక్కలేక విసిగి, మాత్రలు బీరువా వెనక పడేసే గర్భిణులు ఊరూరా ఉంటారు. రంగు మారడం ప్రమాదం కాదని, మలబద్ధకం వస్తే మానేయకుండా ఏఎన్‌ఎంకో డాక్టరుకో చెబితే మాత్రను గానీ మోతాదును గానీ మారుస్తారని, మలాన్ని మెత్తబరిచే ఇసబ్‌గోల్, లాక్టులోజ్ గర్భంలోనూ వాడవచ్చని మాత్రలు చేతిలో పెట్టే రోజే చెప్పాలి. రక్తహీనత ఇంతగా ఉన్న చోట ఆ రెండు నిమిషాల మాట చాలా విలువైనది. మందులతో పాటు కొన్ని జబ్బులు కూడా పేగును నెమ్మదింపజేస్తాయి. థైరాయిడ్ హార్మోన్ తగ్గడం, ఎక్కువ కాలం అదుపు తప్పిన మధుమేహం, రక్తంలో కాల్షియం పెరగడం అలాంటివి. పార్కిన్సన్స్ జబ్బులో చేతి వణుకు కనిపించడానికి ఏళ్ల ముందే మలబద్ధకం మొదలవవచ్చు.

అలవాటు, భంగిమ, తిండి మార్చినా సరిపోకపోతే మందు వాడడంలో తప్పేమీ లేదు. ఏది ఎలా పనిచేస్తుందో తెలిస్తే చాలు. ఇసబ్‌గోల్ ఒక గింజ పైపొట్టు. గుజరాత్‌లోని ఉంఝా, సిద్ధ్‌పూర్ ప్రాంతాలు దీనికి పెద్ద కేంద్రాలు, ప్రపంచానికి ఎక్కువగా అందించేది మన దేశమే. నీటిని పీల్చి జెల్లీలా ఉబ్బి మలానికి పరిమాణం, మెత్తదనం ఇస్తుంది. ఒకటి రెండు చెంచాలు ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగాలి. పొడిగా నోట్లో వేసుకుని గుక్కెడు నీళ్లు తాగితే గొంతులోనే ఉబ్బి అడ్డుపడవచ్చు. మింగడం కష్టమైనవారికి ఇది ఇవ్వకూడదు. లాక్టులోజ్, పాలీఎథిలీన్ గ్లైకాల్ పేగులోకి నీటిని పట్టి తెస్తాయి. ఫలితానికి ఒకటి రెండు రోజులు పడుతుంది గనుక మొదటి రాత్రికే పనిచేయలేదని సీసా పారేయకూడదు. లాక్టులోజ్‌తో గ్యాసు ఎక్కువ, రెండోదానితో తక్కువ. బిసకోడిల్, సునాముఖి పేగు కండరాలను ప్రేరేపిస్తాయి. రాత్రి వేసుకుంటే పొద్దునకు పనిచేస్తాయి, కడుపులో మెలిపెట్టినట్లు నొప్పి రావచ్చు. వీటిని ఒకసారి వాడితే పేగు చచ్చుబడిపోతుందన్న భయం అతిశయోక్తి. చెప్పిన మోతాదులో, అవసరమైనంత కాలం వాడవచ్చు. "ప్రకృతి సిద్ధం" అని అమ్మే చూర్ణాలు చాలావాటిలో ఉన్నది ఈ సునాముఖి ఆకే. అంటే ఆ డబ్బా కూడా మందే, రోజూ రెండు చెంచాలు ఏళ్ల తరబడి వేసుకోవడానికి అది ఆహారం కాదు. మెగ్నీషియం ఉన్న సిరప్పులు, ఫాస్ఫేట్ ఎనిమాలు మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ప్రమాదం, డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు.

నెలకోసారి ఆముదం పట్టించి పిల్లల కడుపు కడిగే ఆచారం పాత ఇళ్లలో ఉండేది. ఆముదంలోని రిసినోలిక్ ఆమ్లం పేగును బలంగా కదిలిస్తుంది, విరేచనాలవుతాయి. అయితే ఆ పిల్లల్లో చాలామందికి అసలు మలబద్ధకమే లేదు. పసిబిడ్డ ముక్కు మూసి, నోట్లో పోసేటప్పుడు నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదకు వస్తుంది. తమలపాకు తొడిమను ఆముదంలో ముంచి మలద్వారంలో పెట్టడం, సబ్బు ముక్క పెట్టడం కూడా మానేయవలసినవే. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డ నెల దాటాక కొన్ని రోజుల పాటు విరేచనం చేయకపోయినా, చలాకీగా ఉండి, బరువు పెరుగుతూ, వెళ్లినప్పుడు మెత్తగా వెళ్తుంటే దానికి వైద్యం అక్కర్లేదు. పుట్టిన 48 గంటల్లో మొదటి నల్లమలం పడకపోతే మాత్రం వెంటనే చూపించాలి. పేగు చివర నరాల కణాలు లేకుండా పుట్టే జబ్బు అలా బయటపడుతుంది, దానికి ఆపరేషన్ ఉంది.

రెండు మూడేళ్ల పిల్లల కథ వేరు. ఒకసారి గట్టిగా వచ్చి నొప్పి పుడితే బిడ్డ మళ్లీ రానివ్వడు. గోడ పట్టుకుని, కాళ్లు బిగించి, ముఖం ఎర్రబడేలా నిలబడతాడు. ముక్కుతున్నాడనుకుంటారు పెద్దలు, నిజానికి ఆపుకుంటున్నాడు. లోపల పేరుకున్న గట్టి మలం పక్కల నుంచి పల్చటిది కారి నిక్కరుకు అంటుకుంటుంది. దానికి బిడ్డను తిట్టడం, కొట్టడం జరుగుతుంది. ఆ కారడం బిడ్డ చేతిలో లేదు. డాక్టరు సలహాతో పేరుకున్నదాన్ని మెత్తబరచి ఖాళీ చేయించి, తర్వాత నెలల తరబడి మెత్తబరిచే మందు ఇస్తూ నొప్పిని మరిచిపోనివ్వాలి. రెండు వారాలకే మందు ఆపేస్తే మళ్లీ మొదటికి వస్తుంది. అన్నం తినడని రోజంతా పాలతో కడుపు నింపడం కూడా తగ్గించాలి.

మంచం పట్టిన వృద్ధుల్లోనూ ఇదే జరుగుతుంది. వారం రోజులుగా వెళ్లని మనిషికి ఉన్నట్టుండి నీళ్ల విరేచనాలు మొదలైతే ఇంట్లోవాళ్లు విరేచనాలు కట్టే మాత్ర వేస్తారు. లోపల రాయిలా బిగిసిన మలం చుట్టూ కారుతున్న నీరది, ఆ మాత్ర పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. మూత్రం ఆగిపోవడం, తిండి మానడం, అయోమయంగా మాట్లాడడం కూడా దీనివల్ల రావచ్చు. డాక్టరు వేలితో పరీక్షిస్తే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది.

గట్టి మలం వల్ల మలద్వారం దగ్గర వచ్చే చీలిక కత్తితో కోసినట్లు నొప్పి పెడుతుంది, ఎర్రటి రక్తపు చుక్కలు పడతాయి. గోరువెచ్చని నీళ్ల టబ్బులో పది నిమిషాలు కూర్చోవడం, మలం మెత్తబరచడంతో కొత్త చీలికలు ఎక్కువగా మానిపోతాయి. అయితే రక్తం కనిపించిన ప్రతిసారీ మొలలే అనుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. బస్టాండ్ల దగ్గర "ఆపరేషన్ లేకుండా మొలలకు చికిత్స" అని బోర్డు పెట్టుకున్న గదుల్లో అర్హత లేనివారు రసాయనాలు ఎక్కించి మలద్వారం కుళ్లిపోయేలా చేసిన సందర్భాలున్నాయి. అక్కడ పోయే ఇంకొకటి సమయం. పెద్దపేగు క్యాన్సర్ కూడా అదే రక్తంతో, అదే మలబద్ధకంతో మొదలవవచ్చు. 45 ఏళ్లు దాటాక కొత్తగా విరేచనం తీరు మారినా, మలంతో రక్తం కలిసి వస్తున్నా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత కనిపించినా, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ వచ్చి ఉన్నా కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, చేయించుకోవాలి. పొట్ట ఉబ్బి, వాంతులై, గ్యాసు కూడా వదలడం ఆగిపోతే అది పేగు అడ్డుపడడం కావచ్చు. అప్పుడు ఏ విరేచన మందూ వేయకుండా, ఎనిమా ఇవ్వకుండా, నేరుగా సర్జన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి.